వెలుతురు చాలని వేళ కొండ దిగే సైకిల్

(కడపలో ఫొటోగ్రాఫర్లు, సైకిల్ మిత్రులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసి పెట్టాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు దయచేసి ముందు వరుసలోకి వచ్చి కూర్చోండి. తెర మీద చూపించబోయే ఫొటోల్లో తేడాలు చాలా చిన్నవి, అంత దూరం నుంచి కనపడవు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసేవాళ్లని నాకు తెలుసు. సైకిల్ తొక్కే మిత్రులు కూడా కొద్దిమంది వచ్చారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలని నా ప్రయత్నం. విషయం ఒక్కటే. వెలుతురు చాలని వేళలో, కొండ పైనుంచి వేగంగా కిందికి దూసుకొచ్చే మౌంటెన్ బైక్ రైడర్‌ను ఫొటో తీయడం ఎలా?

వెలుతురు చాలని వేళే ఎందుకు, హాయిగా పగలు తీసుకోవచ్చు కదా అని కొందరికి అనిపించవచ్చు. మన కడపలో మే నెలలో పగలు పదకొండు గంటలకు గుట్ట ఎక్కి చూడండి, జవాబు మీకే దొరుకుతుంది. బండ మీద చేయి పెట్టలేం. తలంతా కప్పే హెల్మెట్టు, మోకాళ్లకు గార్డులు, వీపుకు ప్యాడ్లు వేసుకుని ఆ ఎండలో సైకిల్ తొక్కమని ఎవరినీ అడగలేం. అందువల్ల ఇక్కడి రైడర్లు తెల్లవారకముందే గుట్ట ఎక్కుతారు, లేదా పొద్దు వాలాక ఎక్కుతారు. చలిదేశాల వాళ్లకు తక్కువ వెలుతురు అనేది వాన వల్లో, దట్టమైన అడవి వల్లో వచ్చిపడే ఇబ్బంది. మనకు అది దినచర్య. కాబట్టి ఈ విద్య మనకు తప్పనిసరి.

డౌన్‌హిల్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. ఇది ఎక్కుడు లేని పోటీ, పైనుంచి కిందికి దిగడమే ఆట. రైడర్లు గుంపుగా రారు. ఒక్కొక్కరే, కొంత వ్యవధి ఇచ్చి బయలుదేరతారు, గడియారంతో పోటీ పడతారు. అంటే మీ ముందు నుంచి ఒక రైడర్ ఒక్కసారే పోతాడు. ఆ సైకిళ్లకు ముందు, వెనక సుమారు 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉంటుంది. 1990లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, డురాంగోలో జరిగిన మొదటి అధికారిక ప్రపంచ పోటీల నుంచి ఈ విభాగం ఉంది. ఇంతకన్నా చరిత్ర మనకు ఇవాళ అక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకే ప్రశ్న: షట్టర్ స్పీడ్, అంటే కెమెరా వెలుతురును లోపలికి రానిచ్చే సమయం, ఎంత పెట్టాలి? నేను ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పను. చెప్పకపోవడానికి కారణం ఉంది. దయచేసి ఈ లెక్క నాతో పాటు వేయండి.

రైడర్ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. డౌన్‌హిల్‌లో ఇది పెద్ద వేగమేమీ కాదు, లెక్కకు తేలిక అని తీసుకున్నాను. అంటే సెకనుకు 10 మీటర్లు. 1/1000 సెకనులో అతను ఒక సెంటీమీటరు కదులుతాడు. మీ ఫ్రేములో పట్టే వెడల్పు 5 మీటర్లు, మీ కెమెరా ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు అనుకోండి. ఒక సెంటీమీటరు అంటే 12 పిక్సెళ్లు. అంటే 1/1000 పెట్టి పక్క నుంచి తీసినా ప్రతి అంచూ 12 పిక్సెళ్లు చెదిరిపోయింది. 1/250 పెడితే 48 పిక్సెళ్లు. ఫోన్‌లో చూసేవాళ్లకు మొదటిది పట్టదు, రెండోది పట్టేస్తుంది.

ఇప్పుడు అదే రైడర్, అదే వేగం, మీ ఎదురుగా వస్తున్నాడు. మీకు 20 మీటర్ల దూరంలో ఉన్నాడు. 1/250 సెకనులో 4 సెంటీమీటర్లు దగ్గరకు వస్తాడు. 20 మీటర్లలో 4 సెంటీమీటర్లు అంటే ఎంత? వెయ్యిలో రెండు వంతులు. ఫ్రేములో 2000 పిక్సెళ్ల ఎత్తున కనిపిస్తున్న మనిషి ఆ సమయంలో మొత్తం మీద 4 పిక్సెళ్లు పెద్దవాడవుతాడు. ఆ నాలుగూ పైకీ కిందికీ పంచుకుపోతాయి. చూశారా? ఎదురు నుంచి 1/250తో తీసినది, పక్క నుంచి 1/1000తో తీసినదానికన్నా స్పష్టంగా వచ్చింది. రెండు స్టాపుల వెలుతురు మిగిలింది. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం. ఐఎస్‌ఓ 6400 పెట్టాల్సిన చోట 1600 సరిపోయింది; కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె అది. ఈ రెండు స్టాపులు మీకు ఎవరిచ్చారు? కొత్త లెన్స్ ఇవ్వలేదు, కొత్త కెమెరా ఇవ్వలేదు. మీరు నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడినందుకు వచ్చాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. వెలుతురు తక్కువైనప్పుడు సెట్టింగులు మార్చడానికి ముందు చోటు మార్చాలి. ఫ్రేములో రైడర్ వేగం తగ్గే చోటు వెతకాలి. రైడర్ అసలు వేగం వేరు, మీ ఫ్రేములో కనిపించే వేగం వేరు. రెండోదాని మీద మీకు అధికారం ఉంది.

అలాంటి చోటు ఎక్కడ ఉంటుంది? రైడర్లకు తెలుసు కాబట్టి వాళ్లనే అడుగుతాను: మీరు బ్రేకు ఎక్కడ పడతారు? మలుపుకు ముందు, అంతే కదా. మలుపులో దిగాక వేగం తక్కువ, శరీరం ఒక పక్కకు వాలి ఉంటుంది, లోపలి మోచేయి నేల వైపు వంగి ఉంటుంది, చూపు మలుపు అవతలికి తిరిగి ఉంటుంది. ఫొటోకు కావలసిన భంగిమ అక్కడే ఉంది, వేగం తగ్గిందీ అక్కడే. తిన్నగా పోయే దారిలో వేగం ఎక్కువ, భంగిమ తక్కువ. అయినా కొత్తవాళ్లందరూ తిన్నటి దారి పక్కనే ఎందుకు నిలబడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. బహుశా నీడ దొరుకుతుందని కావచ్చు.

మలుపు దగ్గర ఎటు నిలబడాలి? లోపలి వైపు. ఎప్పుడూ లోపలి వైపే. బయటి వైపు నిలబడితే, చక్రం జారిన రైడర్ నేరుగా మీ మీదికే వస్తాడు. ఇది మొదటి కారణం, ఇదొక్కటే చాలు కూడా. కానీ మరో లాభం ఉంది. మలుపు దాదాపు వృత్తంలో ఒక ముక్క. మీరు దాని మధ్య బిందువుకు దగ్గరగా నిలబడితే, మలుపు మొదటి నుంచి చివరి దాకా రైడర్ మీకు దాదాపు ఒకే దూరంలో ఉంటాడు. దూరం మారకపోతే ఫోకస్ మారనక్కర్లేదు. చీకట్లో ఫోకస్ మారనక్కర్లేకపోవడం ఎంత పెద్ద వరమో కాసేపట్లో చెబుతాను.

దూకుడు చోట్ల, అంటే గట్టు మీదినుంచి సైకిల్ గాల్లోకి లేచే చోట, పైకి లేవడం ఆగి కిందికి దిగడం మొదలయ్యే క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడు ముందుకు పోయే వేగం అలాగే ఉన్నా, పైకీ కిందికీ కదలిక ఉండదు. కెమెరాను అడ్డంగా తిప్పుతూ తీసేవాళ్లకు ఆ క్షణం అనుకూలం. రాళ్ల మీది దిగుడు ఇంకో రకం. అక్కడ సైకిల్ అంతా ఊగిపోతుంది, చక్రాలు, ఫోర్కు, హ్యాండిల్ అన్నీ ఎగిరెగిరి పడుతుంటాయి. కానీ మంచి రైడర్ తలను చూడండి. చేతులు, మోకాళ్లు దెబ్బలన్నీ మింగేస్తాయి, తల మాత్రం దాదాపు తిన్నగా జారుతున్నట్టు పోతుంది. కాబట్టి అక్కడ హెల్మెట్టు మీదే మీ గురి ఉండాలి. కింద ఏమి చెదిరినా ఫొటో నిలబడుతుంది. హెల్మెట్టు చెదిరితే ఎంత మంచి రంగులున్నా ఆ ఫొటో తీసేయాల్సిందే.

ఈ ఫొటో చూడండి, చక్రం దగ్గరగా చూపిస్తాను. కెమెరా కదపకుండా తీసినది. చక్రం కింది భాగంలో ఊచలు విడివిడిగా కనిపిస్తున్నాయి, పైభాగంలో బూడిద రంగు పొగలా కలిసిపోయాయి. ఒకే చక్రం, ఒకే ఫొటో, ఎందుకిలా? దొర్లే చక్రం నేలను తాకే చోట ఆ క్షణానికి కదలదు, పై అంచు సైకిల్ వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. సైకిల్ దొర్లుతోందా, బ్రేకు పట్టి ఈడ్చుకుపోతోందా అన్నది కూడా ఇక్కడ తెలిసిపోతుంది. ఈడ్చుకుపోతే ఊచలన్నీ పైనా కిందా ఒకేలా చెదురుతాయి. మీ ఫొటో చూసి తొక్కేవాళ్లు ముందు చూసేది ఇదే, మీరు పెట్టిన రంగులు కాదు.

సంధ్య సంగతి

ఇప్పుడు వెలుతురు గురించి. ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పేవాళ్లు సూర్యాస్తమయం తర్వాత తీరిగ్గా గంటసేపు తీసినట్టు చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల ఊరు వేరు. స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం డౌన్‌హిల్‌కు ప్రపంచ ప్రసిద్ధి పొందిన చోటు, అది భూమధ్యరేఖకు దాదాపు 57 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారుతూ దిగుతాడు. మన కడప పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు. అస్తమయం నుంచి సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి వెళ్లే దాకా మనకు పట్టేది 22, 23 నిమిషాలు. జూన్‌లో వాళ్లకు పట్టేది దానికి రెండింతలకు పైగానే.

ఆ ఇరవై చిల్లర నిమిషాల్లో ఏం జరుగుతుంది? ఆకాశం నిర్మలంగా ఉంటే, బయలులో వెలుతురు వంద వంతులకు పైగా పడిపోతుంది, అంటే దాదాపు ఏడు స్టాపులు. సుమారుగా మూడు నిమిషాలకు ఒక స్టాపు. మూడు నిమిషాలకు ఒక స్టాపు! అస్తమయం క్షణానికి ఎఫ్ 2.8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), ఐఎస్‌ఓ 6400 దగ్గర మీకు 1/1000 దొరికితే, పది నిమిషాల తర్వాత అదే ఐఎస్‌ఓకు దొరికేది 1/125. మధ్యలో ఒక్కసారి ఫోన్ వస్తే చాలు, మీ లెక్క తప్పిపోతుంది. దీనికి తోడు గుట్టల మధ్య వెలుతురు గడియారాన్ని బట్టి పోదు. పాలకొండల తూర్పు వాలులో నిలబడితే అసలు అస్తమయానికి చాలా ముందే కొండ నీడ మీ మీద పడుతుంది. గండికోట లోయ అంచున పైన బండలు ఎర్రగా వెలుగుతుంటాయి, కింద పెన్న దగ్గర అప్పటికే చీకటి.

అందుకే నా ఓటు ఉదయానికే. సాయంత్రం వెలుతురు తగ్గుతూ పోతుంది, మీరు దాని వెనక పరిగెడుతూ ఉంటారు. ఉదయం వెలుతురు పెరుగుతూ వస్తుంది. చీకట్లోనే చోటు చూసుకుని, ఫోకస్ పెట్టుకుని, ఫ్లాష్‌తో మొదలుపెట్టి, ఐఎస్‌ఓ 6400 నుంచి 3200కు, 1600కు దిగుతూ రావచ్చు. రైడర్ అలసిపోయి ఉండడు. దుమ్ము కూడా కొంత అణిగి ఉంటుంది. సాయంత్రపు రంగులు ఎక్కువ బాగుంటాయని వాదించేవాళ్లు ఉన్నారు, ఇక్కడ ముందు వరుసలోనే ఉన్నారు. రంగుల సంగతి నిజమే కావచ్చు, కానీ చేతికి ఎక్కువ ఫొటోలు అందేది ఉదయమే.

ఐఎస్‌ఓ పెంచడానికి భయపడేవాళ్లకు ఒక మాట. పెళ్లి ఆల్బమ్ అలవాటు వల్ల మనలో చాలామందికి 1600 దాటితే చేయి వణుకుతుంది. నాయిస్, అంటే ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎంతో బాగున్నాయి. కదలికతో చెదిరిన ముఖాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం నేను నమ్మను. తక్కువ ఐఎస్‌ఓ పెట్టి నల్లగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలుతురు పెంచుకుందామనుకోవడం చాలా కెమెరాల్లో ఇంకా నష్టం. నాయిస్ అంతా నీడల్లోనే ఉంటుంది, మీరు పెంచేది నీడలనే. ముఖం మీద వెలుతురు సరిపోయేలా తీయండి, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీయండి, అంతే.

ఇక ఫోకస్. కెమెరా ఫోకస్ పట్టుకునేది వెలుగు నీడల తేడాను బట్టి. మసక వేళలో నల్ల హెల్మెట్టు, నల్ల జెర్సీ వేసుకుని, నల్లటి చెట్ల ముందు నుంచి రైడర్ వస్తుంటే కెమెరాకు పట్టుకోవడానికి ఏమి మిగిలింది? లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. హెల్మెట్టు మీద దీపం ఉంటే ఇంకా కష్టం, కెమెరా ఆ దీపాన్నే పట్టుకుంటుంది, లేదా దాని వెలుగుకు తికమక పడుతుంది. ఇప్పుడు ఇంకో లెక్క. 200 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 2.8, ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 20 మీటర్ల దూరం. స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1.7 మీటర్లు. సెకనుకు 10 మీటర్లు వచ్చేవాడు ఆ లోతును ఆరో వంతు సెకనులో దాటేస్తాడు. చూసి, నిర్ణయించుకుని, వేలు నొక్కడానికి మనిషికి పట్టే సమయం సుమారు ఐదో వంతు సెకను. అంటే రైడర్ సరైన చోటికి వచ్చాడని చూసి నొక్కితే, అతను అప్పటికే రెండు మీటర్లు దాటిపోయాడు.

కాబట్టి చేయవలసింది ఇది. దారి మీద ఒక రాయి ఎంచుకోండి. సహాయకుడిని ఆ రాయి దగ్గర నిలబెట్టి, అతని ఛాతీ మీద టార్చి వేసి ఆటో ఫోకస్‌తో పట్టుకోండి. తర్వాత మాన్యువల్‌కు మార్చేయండి. లెన్స్ రింగు మీద చిన్న టేపు ముక్క అతికించండి, చీకట్లో చేయి తగిలి కదలకుండా. రైడర్ రాయికి రెండు మీటర్లు అవతల ఉండగానే మీ వేలు కదలడం మొదలవ్వాలి. బరస్ట్, అంటే వరసగా గబగబా తీయడం, పెట్టుకుంటే సరిపోదా అంటారేమో. ఫ్లాష్ లేకపోతే పెట్టుకోండి. ఫ్లాష్ ఉంటే ఎందుకు పనిచేయదో చెబుతాను. చోటు ముందే నిర్ణయించుకుంటే ఫోకస్ ఇంత తేలిక, మలుపు లోపలి వైపు నిలబడితే ఇంకా తేలిక అని ఇందాక అన్నది ఇందుకే.

రైడర్ వెంట కెమెరా తిప్పుతూ తీసే ప్యానింగ్ గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది చేసే పనే. 1/60తో మొదలుపెట్టండి, చేయి కుదిరాక 1/30కి రండి. వెలుతురు పడిపోయాక ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600 దగ్గర దొరికేది ఎలాగూ అంతే. లెన్స్ స్టెబిలైజర్‌కు ప్యానింగ్ మోడ్ ఉంటే అది వేసుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. షట్టర్ నొక్కగానే చాలామంది కెమెరాను ఆపేస్తారు. చేలో వడిసెల తిప్పి రాయి వదిలినవాడు చేయి అక్కడే ఆపుతాడా? తిరిగిన చేయి తిరుగుతూ పోయి ఆగుతుంది. నడుము నుంచి తిరగండి, నొక్కిన తర్వాత కూడా తిరుగుతూనే ఉండండి.

ఫ్లాష్ వేసినప్పుడు

ఇప్పుడు మీ రంగంలోకి వస్తున్నాను. తలంబ్రాలు గాల్లో గింజ గింజా ఆగినట్టు తీసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. దాదాపు అందరూ. అప్పుడు మీ షట్టర్ స్పీడ్ ఎంత? 1/160 ఉంటుంది, 1/200 ఉంటుంది. 1/200తో ఎగిరే గింజ ఆగుతుందా? ఆగదు. మరి ఎలా ఆగింది? ఆపింది షట్టర్ కాదు, ఫ్లాష్. మండపం వెలుతురు మీ ఎక్స్‌పోజర్‌కు చాలనంత తక్కువ, ఫ్లాష్ వెలిగిన ఆ కొద్ది క్షణమే ఫొటోలో పడింది. 1930ల్లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు స్ట్రోబ్ దీపాలతో చేసి చూపించింది ఇదే సూత్రం. మీరు తలంబ్రాలకు చేసే పనినే రైడర్‌కు చేయాలి.

ఇక్కడొక విచిత్రం ఉంది, శ్రద్ధగా వినండి. ఫ్లాష్‌తో కదలికను ఆపడానికి చీకటి శత్రువు కాదు, సహాయకుడు. సూర్యుడు ఇంకా ఉన్నప్పుడు 1/200తో ఫ్లాష్ వేస్తే, ఫ్లాష్ వెలుగులో ఒక స్పష్టమైన రైడర్, బయటి వెలుతురులో ఇంకో చెదిరిన రైడర్, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. అంచుల వెంట దెయ్యంలా కనిపించే చార అదే. బయటి వెలుతురు రైడర్ మీద ఫ్లాష్ కన్నా రెండు మూడు స్టాపులు తక్కువయ్యేసరికి ఆ దెయ్యం మాయమవుతుంది. కాబట్టి ముందు ఫ్లాష్ ఆపేసి, ఆకాశం ఒక స్టాపు నల్లగా వచ్చేలా, రైడర్ నిలబడే చోటు ఇంకా నల్లగా వచ్చేలా చూసుకోండి. ఆ తర్వాతే ఫ్లాష్ వెలిగించండి. మలుపు వెనక నల్లటి కొండ వాలు ఉంటే ఇంకా మంచిది.

1/200, 1/250 దాటి ఎందుకు పోలేం? షట్టర్‌కు రెండు తెరలు ఉంటాయి. ఆ వేగం దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలవుతుంది, సెన్సార్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే ఉండదు. హై స్పీడ్ సింక్ అనేది ఫ్లాష్‌ను ఒక్కసారి కాకుండా గబగబా అనేకసార్లు వెలిగించి దీన్ని దాటుతుంది, కానీ వెలుగు చాలా పోతుంది. సూర్యుడు ఉన్నప్పుడు అది పనికొస్తుంది. చీకటి పడ్డాక దాని జోలికి పోకండి.

ఫ్లాష్ పవర్ విషయంలో అందరూ తికమక పడేది ఇక్కడే. మనం జేబులో పెట్టుకుని తిరిగే మామూలు స్పీడ్‌లైట్ పూర్తి పవర్‌లో వెలిగితే, దాని వెలుగు సెకనులో కొన్ని వందల వంతు కాలం ఉంటుంది. అది సైకిల్‌ను ఆపదు. 1/16 పవర్‌కు తగ్గిస్తే కొన్ని వేల వంతుకు వస్తుంది, అప్పుడు ఊచలతో సహా ఆగుతుంది. అంటే ఎక్కువ వెలుగు కావాలని పవర్ పెంచితే, ఆపే శక్తి తగ్గుతుంది. మరి వెలుగు చాలకపోతే? ఫ్లాష్‌ను దగ్గరకు తీసుకురండి. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. లేదా రెండు ఫ్లాష్‌లు పక్కపక్కన కట్టండి, ఒకటి 1/4లో వెలగడం కన్నా రెండు 1/8లో వెలగడం మేలు. తక్కువ పవర్‌లో బ్యాటరీ కూడా త్వరగా తేరుకుంటుంది. పూర్తి పవర్‌లో పెన్సిల్ సెల్లులు తేరుకోవడానికి సెకన్లు పడుతుంది, అందుకే బరస్ట్‌లో మొదటి ఫొటో తప్ప మిగతావి నల్లగా వస్తాయి. స్టూడియో నుంచి పాత మోనోలైట్లు మోసుకొచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: వాటిలో చాలావాటికి ఈ లెక్క తిరగబడుతుంది, పవర్ తగ్గిస్తే వెలుగు నిడివి పెరుగుతుంది. ముందు ఇంట్లో తిరిగే ఫ్యాను మీద పరీక్షించుకోండి.

ఫ్లాష్ ఎక్కడ పెట్టాలి? కెమెరా మీద మాత్రం వద్దు. మన నేలలో దుమ్ము ఎంత లేస్తుందో మీకు తెలుసు. కెమెరా మీది ఫ్లాష్ వేస్తే ముందున్న ప్రతి దుమ్ము రేణువూ తెల్లటి చుక్కై కూర్చుంటుంది. అదే ఫ్లాష్‌ను రైడర్‌కు వెనక పక్కగా పెట్టండి, అదే దుమ్ము వెనక్కి లేచిన ఎర్రటి తెరలా వెలుగుతుంది, రైడర్ భుజాలకూ హెల్మెట్టుకూ సన్నటి వెలుగు అంచు వస్తుంది, నల్ల జెర్సీ నల్ల కొండ నుంచి విడిపోతుంది. రెండో ఫ్లాష్‌ను ఇంకా తక్కువ పవర్‌లో ముందు పక్క నుంచి ముఖానికి వేయండి. ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ కాగితం కట్టి, కెమెరా వైట్ బ్యాలెన్స్ (రంగు సరిచేసే సెట్టింగు) 3200కు దగ్గరగా పెడితే, రైడర్ మామూలు రంగులో ఉంటాడు, సంధ్య ఆకాశం ముదురు నీలమవుతుంది. స్టాండ్లు గాలికి పడతాయి, సంచిలో రాళ్లు నింపి కాళ్లకు వేలాడదీయండి. గుట్ట మీద ఇసుక సంచి మోయడమెందుకు, రాళ్లకు కరువా?

రైడర్ దీపాలు వెలిగించుకుని వస్తుంటే రియర్ కర్టెన్ సింక్, అంటే షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతి, వాడి చూడండి. 1/15 పెడితే దీపం గీత ముందు పడుతుంది, చివర్లో ఫ్లాష్ వెలిగి రైడర్ ఆగుతాడు, గీత అతని వెనక నిలుస్తుంది. మామూలు సింక్‌లో గీత ముందుకు పోయి, సైకిల్ వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ షట్టర్ గురించి ఒకరు చీటీ పంపారు. చాలా కెమెరాల్లో శబ్దం లేని ఆ షట్టర్ సెన్సార్‌ను వరుస వరుసగా చదువుతుంది. ఈలోగా సైకిల్ కదిలిపోతుంది, ఊచలు కొడవలిలా వంగుతాయి, నిలువు గీతలు వాలిపోతాయి. మెకానికల్ షట్టర్‌కే ఉండండి. మొత్తం సెన్సార్‌ను ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్‌తో 2023 నవంబరులో సోనీ సంస్థ ఏ9 త్రీ అనే కెమెరా ప్రకటించింది, దానితో 1/80000 వద్ద కూడా ఫ్లాష్ కలుస్తుంది. అది కొనగలిగినవాళ్లు నా ప్రసంగంలో సగం మరచిపోవచ్చు. చోటు గురించి చెప్పిన సగం మాత్రం వాళ్లకూ తప్పదు.

ఇక రైడర్ కళ్ల సంగతి. చీకటికి అలవాటు పడటానికి కంటికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఒక్క మెరుపు చాలు. ఎదురుగా, కంటి ఎత్తులో ఫ్లాష్ ఎప్పుడూ పెట్టకండి. ఫ్లాష్ ఎక్కడ వెలుగుతుందో రైడర్‌కు ముందే చూపించండి, నిలబెట్టి ఒకసారి వెలిగించి చూపించండి, అతను సరేనన్నాకే పైకి పంపండి. వెలిగిన వెంటనే కష్టమైన దిగుడు ఉన్న చోటు ఎంచుకోకండి, మలుపు తర్వాత కొంత దూరం తిన్నటి దారి ఉండాలి. పోటీల్లో నిర్వాహకులు ఫ్లాష్ వద్దంటే వాదించకండి. ఫొటో కోసం హెల్మెట్టు దీపం ఆర్పమని రైడర్‌ను అడగకండి. దీపం వెలుగు అడ్డమైతే మీరు పక్కకో వెనక్కో జరగండి. వెనక నుంచి తీస్తే ఆ దీపమే ముందున్న రాళ్లను వెలిగించి, మీకు మూడో ఫ్లాష్ పని చేస్తుంది.

చివరిగా మన ప్రాంతానికే చెందిన మాట. ఏ గుట్ట కనిపిస్తే ఆ గుట్ట మీదికి రాత్రి దీపాలతో పోకూడదు. లంకమల వైపు పొదల అడవుల్లో కలివికోడి అనే పక్షి ఆవాసం ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది. అది రాత్రిపూట తిరిగే పక్షి. మనకు ఫొటోకు అనువైన వేళే దానికి మేత వేళ. అక్కడ సైకిల్ వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. పాలకొండలు, శేషాచలం వైపు ఎర్రచందనం అడవుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు టార్చీలు, సంచులు, స్టాండ్లు మోసుకుంటూ గుట్ట ఎక్కే నలుగురిని చూస్తే అటవీ సిబ్బంది ఏమనుకుంటారు? కెమెరా చూపించే లోపు చాలా జరిగిపోతుంది. ఊరికి దగ్గరగా, అడవి హద్దు బయట, యజమాని ఒప్పుకున్న గుట్టలు చాలా ఉన్నాయి, ముందు రోజే అడిగి పెట్టుకోండి.

వచ్చే ఆదివారం తెల్లవారకముందు అలాంటి ఒక గుట్టకే పోతున్నాం, ఇద్దరు రైడర్లు ఒప్పుకున్నారు. పెద్ద లెన్స్ అక్కర్లేదు, 50 గానీ 85 గానీ మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే చాలు. టార్చి, టేపు, ఖాళీ సంచి తెచ్చుకోండి. వచ్చేవాళ్లు బయట బల్ల మీద పేర్లు రాసి పోండి. ఇక ప్రశ్నలు అడగండి, ఫ్లాష్ పవర్ గురించి ఇందాక చేయెత్తిన అక్కయ్యతో మొదలుపెడదాం.